గోపీనాథం గుడిలో రాజమండ్రి బిడ్డ
వీరప్పన్ పుట్టిన ఊళ్లోనే దేవతల పక్కన పటమై నిలిచిన అటవీ అధికారి పందిళ్లపల్లి శ్రీనివాస్

మలె మహదేశ్వర కొండ దిగి పాలార్ వైపు వచ్చి, అక్కడి నుంచి కావేరి వెంబడి అడవి దారి పడితే గోపీనాథం వస్తుంది. చామరాజనగర జిల్లాలో ఇదే చివరి మూల. ఊరు కర్ణాటకది, జనం మాట్లాడేది తమిళం, నది అవతల గట్టు తమిళనాడు. ఈ ఊళ్లో ఓ మారియమ్మ గుడి ఉంది. గుళ్లో దేవతల సరసన ఓ మనిషి ఫొటో కూడా ఉంటుంది. అమ్మవారికి హారతిచ్చినవాళ్లు ఆ ఫొటోకూ దణ్ణం పెట్టుకుంటారు.

ఆ ఫొటోలో ఉన్నది మన తెలుగువాడే. పేరు పందిళ్లపల్లి శ్రీనివాస్. సొంతూరు గోదావరి ఒడ్డున ఉన్న రాజమండ్రి. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు అధికారి. ఆ గుడి కట్టించింది కూడా ఆయనే, అదీ చాలా వరకు తన చేతి డబ్బుతో. 1991 నవంబరు 10న ఇదే ఊరికి చేరువలోని అడవిలో వీరప్పన్ చేతిలో ఆయన ప్రాణాలు పోయాయి. అప్పటికి వయసు 37 ఏళ్లు.

వీరప్పన్ ఎవరంటే చిన్నపిల్లాడు కూడా మీసాలు చూపించి చెబుతాడు. అతడి మీద సినిమాలు వచ్చాయి, పుస్తకాలు వచ్చాయి, సీరియళ్లు వచ్చాయి. శ్రీనివాస్ ఎవరని అడిగితే రాజమండ్రిలోనే చాలామంది తడుముకుంటారు. హోసూరు, కృష్ణగిరి, కొళ్లేగాల వైపు ఉన్న తెలుగు కుటుంబాల్లో పాతతరం వాళ్లకు ఆయన సంగతి తెలుసు. కొత్తతరానికి చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు.

గంధపు చెట్టు చుట్టూ అల్లుకున్న కథ

శ్రీనివాస్ 1954 సెప్టెంబరు 12న పుట్టారు. విశాఖలో ఆంధ్రా విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చదివారు. 1979లో ఐఎఫ్‌ఎస్‌కు ఎంపికై కర్ణాటక కేడర్‌కు వచ్చారు. కన్నడం నేర్చుకున్నారు. సరిహద్దు అడవుల్లోకి వచ్చాక తమిళంతోనూ పనిపడింది. కావేరి పొడవునా అటు సత్యమంగళం నుంచి ఇటు హొగెనకల్ దాకా పరుచుకున్న ఈ అడవికి రాష్ట్రాల హద్దులు కాగితం మీదే ఉంటాయి. ఏనుగుకు ఆ గీత తెలియదు. దొంగకు మాత్రం బాగా తెలుసు. ఇక్కడ తరిమితే అక్కడికి, అక్కడ తరిమితే ఇక్కడికి దూకడం అతడి బతుకుతెరువు.

వీరప్పన్ మొదట ఏనుగు దంతాల కోసం వేటాడాడు. దంతాల వ్యాపారం మీద చట్టం బిగుసుకునే కొద్దీ గంధపు చెక్క మీద పడ్డాడు. ఈ చెక్క సంగతి కొంచెం చెప్పుకోవాలి. అప్పట్లో కర్ణాటకలోనూ తమిళనాడులోనూ శ్రీగంధం చెట్టు ఎక్కడ మొలిచినా సర్కారుదే. రైతు సొంత పొలం గట్టున పెరిగినా దాని మీద అతడికి హక్కు లేదు. కొట్టకూడదు, అమ్మకూడదు. పైగా ఆ చెట్టు పోతే తనను అడుగుతారేమోనన్న భయం. దాంతో మొక్కగా ఉన్నప్పుడే పీకి పారేసినవాళ్లున్నారు. చెట్టు తనది కాదనుకున్న రైతు దాన్ని ఎందుకు కాపాడతాడు? 2001లో కర్ణాటక, ఆ మరుసటి ఏడాది తమిళనాడు ఈ నిబంధన సడలించి పట్టాదారుకు హక్కు ఇచ్చాయి. అప్పటికే అడవుల్లో చేవదేరిన గంధం చాలావరకు తుడిచిపెట్టుకుపోయింది.

ఇదంతా వీరప్పన్‌కు కలిసొచ్చింది. కొండల్లోని ఊళ్లలో వర్షాధారపు రాగి చేలు తప్ప వేరే ఆదాయం లేదు. అడవిలోకి వెళ్లి గంధం దుంగలు కొట్టి మోస్తే చేతిలో రొక్కం పడేది. రొక్కం ఇచ్చేవాడు దేవుడు, కేసు పెట్టేవాడు దెయ్యం. గోపీనాథం అతడి పుట్టినూరు కాబట్టి ఆ బంధం అక్కడ ఇంకా గట్టిది. ఖాకీ కనబడగానే ఊరంతా నోళ్లు మూసుకునేది. ఖాకీ వెనక్కి తిరగగానే కబురు అడవికి చేరిపోయేది.

చేతికి చిక్కి జారిపోయాడు

1986లో వీరప్పన్ ఒకసారి పట్టుబడ్డాడు. ఇప్పటికీ చాలామందికి ఈ సంగతి తెలియదు. విచారణ కోసం అటవీశాఖ అదుపులో ఉండగా బూదిపడగ అటవీ అతిథిగృహం నుంచి తప్పించుకున్నాడు. ఎలా తప్పించుకున్నాడన్న దానిపై రకరకాల కథలున్నాయి, లోపలివాళ్ల చేయి ఉందన్న మాట కూడా ఉంది. ఈ కేసులో మొదటి నుంచీ అతడి వెంటపడిన అధికారి శ్రీనివాసే. చేతికి చిక్కినవాడు జారిపోతే ఆ వెలితి ఎలాంటిదో ఆ పనిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

ఆ తర్వాత హత్యలు మొదలయ్యాయి. 1987లో సత్యమంగళం వైపు చిదంబరం అనే తమిళనాడు రేంజరును ఎత్తుకెళ్లి చంపారు. 1990 ఏప్రిల్‌లో హొగెనకల్ దగ్గర కర్ణాటక పోలీసు ఎస్సైలను, కానిస్టేబుల్‌ను మాటువేసి కాల్చేశారు. దీంతో కర్ణాటక ప్రభుత్వం ప్రత్యేక దళాన్ని రంగంలోకి దించింది. పోలీసుల తుపాకులు పెరిగాయి, వాహనాలు పెరిగాయి. ఊళ్లలో భయం కూడా పెరిగింది.

శ్రీనివాస్ వేరే దారి పట్టారు. ఆయన ఆలోచన చాలా సూటిగా ఉండేది. వీరప్పన్ బలం తుపాకీలో లేదు, దుంగ మోసే కూలీలో ఉంది. కూలీ ఇంటికి వేరే తిండి దొరికితే అడవిలో వీరప్పన్ ఒంటరి అవుతాడు.

ఊళ్లోనే మకాం

అందుకని ఆయన మకాం నేరుగా గోపీనాథానికే మార్చారు. స్మగ్లర్ పుట్టిన ఊళ్లో, అతడి చుట్టాల మధ్య ఇల్లు తీసుకుని ఉండటమంటే మాటలు కాదు. రోడ్డు వేయించారు. తాగునీరు తెప్పించారు. ఇళ్లు లేనివాళ్లకు ఇళ్లు కట్టించే పని పెట్టుకున్నారు. వైద్యం అందని పల్లెలకు మందుల బండి తిప్పారు, అవసరమైతే తనే దగ్గరుండి మందులిచ్చేవారు. అడవి పనుల్లో కూలి ఇప్పించారు. శిథిలంగా ఉన్న మారియమ్మ కోవెలను మళ్లీ కట్టించారు. ఊరివాళ్లకు దేవత ఎంత ముఖ్యమో ఆయనకు తెలుసు. గోదావరి జిల్లాలో పుట్టి పెరిగినవాడికి గ్రామదేవత సంగతి ఒకరు చెప్పాలా?

జనం మెల్లగా దగ్గరయ్యారు. ముఠాలో పనిచేసిన వాళ్లు ఒక్కొక్కరే వచ్చి లొంగిపోవడం మొదలుపెట్టారు. వాళ్లు లొంగిపోయాక కొట్టించడం, వేలాడదీయడం లేదు. కేసులు చట్టప్రకారం నడుస్తాయి, ఇంటికి పని దొరుకుతుంది. ఈ నమ్మకం కుదరడం వల్లే వీరప్పన్ తమ్ముడు అర్జునన్ కూడా ఆయన ముందుకు వచ్చాడు.

అడవిలో ఉన్నవాడికి కాళ్ల కింద నేల కదిలింది ఇక్కడే. పోలీసు తుపాకీకి అతడు బెదరలేదు. తుపాకీకి తుపాకీ ఉంది. సొంత ఊరే చేజారిపోతుంటే దానికి మందు లేదు. దానికి తోడు వీరప్పన్ చెల్లెలు మారి ఆత్మహత్య చేసుకుంది. దానికి శ్రీనివాసే కారణమని అతడు పగబట్టాడు.

నవంబరు 10

1991 నవంబరులో కబురొచ్చింది. వీరప్పన్ లొంగిపోతాడట. అయితే షరతు ఉంది. శ్రీనివాస్ ఒక్కరే రావాలి, ఆయుధం ఉండకూడదు. కబురు వచ్చింది అర్జునన్ ద్వారా.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. శ్రీనివాస్ అమాయకుడేమీ కాదు. పన్నెండేళ్ల సర్వీసు ఉంది. అప్పటికే అటవీ సిబ్బందిని, పోలీసులను వీరప్పన్ ఎలా చంపాడో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అయినా వెళ్లారు. ఆయన వెళ్లకపోతే అన్నేళ్లు ఊళ్లో చెప్పిన మాటకు విలువ ఉండదు. లొంగిపోతే న్యాయంగా చూస్తానని అందరికీ చెప్పిన మనిషి, ముఠా నాయకుడే లొంగిపోతానంటే నమ్మనని ఎలా అంటాడు? ఇది తెలివితక్కువ పని అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. గోపీనాథంలో ఆ మాట అనేవాళ్లు మాత్రం తక్కువ.

తెల్లవారుజామున చేతిలో ఆయుధం లేకుండా అడవి దారిన కిలోమీటర్ల కొద్దీ నడిచారు. ఎరకేయం సమీపంలోని వాగు దగ్గర వీరప్పన్ ముఠా కాచుకుని ఉంది. దగ్గరకు రాగానే కాల్చేశారు. చంపి ఊరుకోలేదు, తల నరికి పట్టుకుపోయారు. అది దొరకడానికి మూడేళ్లు పట్టింది.

1992 గణతంత్ర దినాన కేంద్రం ఆయనకు మరణానంతరం కీర్తిచక్ర ప్రకటించింది. శాంతి సమయంలో చూపిన సాహసానికి ఇచ్చే పురస్కారాల్లో అశోకచక్ర తర్వాతి స్థానం దీనిదే. సైనికులకు, పోలీసులకు ఇది వచ్చినట్టు తరచూ వింటాం. అటవీ అధికారికి రావడం చాలా అరుదు.

ఆ తర్వాత వరుసగా

శ్రీనివాస్ పోయాక ఆ అడవిలో నెత్తురు ఆగలేదు. 1992 మే నెలలో ముఠా రామాపుర పోలీస్‌స్టేషన్ మీద పడి ఐదుగురు పోలీసులను చంపింది. అదే ఏడాది ఆగస్టు 14న, స్వాతంత్య్ర దినానికి ముందురోజు, మీణ్యం దగ్గర ఎస్పీ టి.హరికృష్ణ, ఎస్సై షకీల్ అహ్మద్, మరో నలుగురు పోలీసులు మాటుకు బలయ్యారు. దంతాలు దొరుకుతాయని వచ్చిన సమాచారం నమ్మి వాళ్లు బయలుదేరారు, ఆ సమాచారమే వల. 1993 ఏప్రిల్ 9న పాలార్ దగ్గర మందుపాతర పేలి 22 మంది చనిపోయారు. వారిలో పోలీసులున్నారు, అటవీ వాచర్లున్నారు, దారి చూపడానికి వచ్చిన మామూలు జనమూ ఉన్నారు. ఈ వాచర్ల పేర్లు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండవు. రోజుకూలీ మీద పనిచేసి, లాఠీ కూడా లేకుండా ముందు నడిచినవాళ్లు వాళ్లు.

2000 జులై 30న కన్నడ నటుడు రాజ్‌కుమార్‌ను గాజనూరు నుంచి ఎత్తుకుపోయినప్పుడు గానీ దేశమంతా వీరప్పన్ మీద కన్ను వేయలేదు. రాజ్‌కుమార్ 108 రోజుల తర్వాత విడుదలయ్యారు. 2002లో ఎత్తుకెళ్లిన మాజీ మంత్రి నాగప్ప శవమై దొరికారు. చివరకు 2004 అక్టోబరు 18 రాత్రి ధర్మపురి జిల్లా పాప్పారపట్టి దగ్గర తమిళనాడు ప్రత్యేక దళం కాల్పుల్లో వీరప్పన్ కథ ముగిసింది. శ్రీనివాస్ చనిపోయి అప్పటికి దాదాపు పదమూడేళ్లు.

దాచకూడని మాట

పోలీసు త్యాగాలు చెప్పుకొనేటప్పుడు ఇదే అడవిలో ఇదే గంధం పేరుతో జరిగిన ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. లేకపోతే చనిపోయినవాళ్లను గౌరవించినట్టు కాదు. 1992 జూన్ 20న ధర్మపురి జిల్లా వాచాత్తి గిరిజన గ్రామంలో గంధపు చెక్క సోదాల పేరుతో అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది విరుచుకుపడ్డారు. ఇళ్లు ధ్వంసం చేశారు, జనాన్ని కొట్టారు, 18 మంది మహిళలపై అత్యాచారం జరిగింది. నిందితులు 269 మంది. 2011లో తీర్పు వచ్చేసరికి వారిలో 54 మంది చనిపోగా మిగతా 215 మందినీ కోర్టు దోషులుగా తేల్చింది. 2023 సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు ఆ తీర్పును సమర్థించింది. న్యాయానికి 31 ఏళ్లు.

వీరప్పన్ వేటలో ప్రత్యేక దళాలు ఊళ్లవాళ్లను హింసించాయన్న ఫిర్యాదుల మీద జాతీయ మానవ హక్కుల కమిషన్ జస్టిస్ సదాశివ కమిటీని వేసింది. 2007లో 89 మంది బాధితులకు 2 కోట్ల 80 లక్షల రూపాయలు చెల్లించాలని సిఫారసు చేసింది. రెండు రకాల ఖాకీనీ ఈ కొండజనం చూశారు. వాళ్లు గుళ్లో ఎవరి ఫొటో పెట్టుకున్నారో చూస్తే తేడా వాళ్లకెంత బాగా తెలుసో అర్థమవుతుంది.

ఇంటి దగ్గరా అదే అడవి

ఈ కథ కావేరి గట్టుతో అయిపోయిందనుకుంటే పొరపాటు. గంధం పోయి ఎర్రచందనం వచ్చింది, మహదేశ్వర కొండ పోయి శేషాచలం వచ్చింది. 2013 డిసెంబరు 15న తిరుపతి దగ్గర శేషాచలం అడవిలో ఎర్రచందనం కూలీలను అడ్డుకోబోయిన ఇద్దరు అటవీ అధికారులు, శ్రీధర్, డేవిడ్ కరుణాకర్, దాడిలో చనిపోయారు. 2015 ఏప్రిల్ 7న అదే అడవిలో కాల్పుల్లో 20 మంది చనిపోయారు. వాళ్లు తిరువణ్ణామలై, ధర్మపురి లాంటి జిల్లాల నుంచి వచ్చిన తమిళ కూలీలు. ఆ కాల్పుల మీద ప్రశ్నలు ఇప్పటికీ ఆగలేదు. అటు కొండల్లో పని లేని కూలీ, ఇటు చేతిలో లాఠీతో నిలబడ్డ గార్డు. దుంగ కొన్నవాడు మాత్రం రెండుచోట్లా కనబడడు. శ్రీనివాస్ గోపీనాథంలో తెగ్గొట్టాలని చూసింది సరిగ్గా ఈ ముడినే.

తెలంగాణలో 2022 నవంబరు 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఎర్రబోడు దగ్గర మొక్కలు నరకొద్దని అడ్డుపడిన రేంజి అధికారి చలమల శ్రీనివాసరావును వేటకొడవళ్లతో నరికి చంపారు. అక్కడ స్మగ్లర్ లేడు, పోడు భూమి తగాదా ఉంది. కారణం వేరైనా అడవిలో ఎదురుపడింది మళ్లీ ఇద్దరు చిన్నవాళ్లే.

ఏటా రెండు తేదీలు

అక్టోబరు 21న ప్రతి జిల్లా కేంద్రంలో పోలీసులు తుపాకులు తలకిందులుగా పట్టి అమరులకు వందనం చేస్తారు. 1959లో ఆ రోజు లద్దాఖ్‌లోని హాట్‌స్ప్రింగ్స్ వద్ద చైనా సైన్యం కాల్పుల్లో పదిమంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఢిల్లీ చాణక్యపురిలో జాతీయ పోలీసు స్మారకాన్ని 2018లో అదే తేదీన ప్రారంభించారు. ఏడాది పొడవునా విధి నిర్వహణలో చనిపోయినవారి పేర్లు ఆ రోజు చదువుతారు.

అటవీ సిబ్బందికి మాత్రం చాలాకాలం అలాంటి తేదీ లేదు. 2013లో కేంద్ర పర్యావరణ, అటవీ శాఖ సెప్టెంబరు 11ను జాతీయ అటవీ అమరవీరుల దినంగా ప్రకటించింది. 1730లో ఆ తేదీన రాజస్థాన్‌లోని ఖేజర్లీ గ్రామంలో జమ్మిచెట్లను నరకనివ్వకుండా కౌగిలించుకుని బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు. 363 మంది అని చెబుతారు. కొన్నిచోట్ల ఆ రోజున పూలదండ, రెండు నిమిషాల మౌనం, టీ బిస్కెట్‌తో కార్యక్రమం అయిపోతుంది. గార్డుల ఖాళీలు, వాచర్ల జీతాలు మరుసటి రోజుకూ అలాగే ఉంటాయి.

గోపీనాథంలో తేదీలతో పని లేదు. దర్శనానికి వచ్చినప్పుడల్లా ఆ ఫొటో కనబడుతుంది. ఊరు కొంచెం మారింది. ఒకప్పుడు మనిషి అడుగుపెట్టడానికి జంకిన ఆ అడవిలో ఇప్పుడు కర్ణాటక ప్రభుత్వ జంగిల్ లాడ్జెస్ వాళ్ల పర్యాటక శిబిరం ఉంది. బెంగళూరు నుంచి కార్లలో వచ్చేవాళ్లు వీరప్పన్ తిరిగిన దారులు చూపించమంటారు. దారి చూపించేవాళ్లు మారియమ్మ గుడి కూడా చూపిస్తారు. హోసూరు, కృష్ణగిరి నుంచి వచ్చినవాళ్లు హొగెనకల్ చూసుకుని ఇటు వస్తే తెలుగు కూడా చెవిన పడుతుంది. ఫొటోలో ఉన్నాయన మనవాడని ఎవరో ఒకరు పక్కవాళ్లకు చెబుతారు. ఊరివాళ్లు ఆ మాట విని ఊరుకుంటారు. వాళ్ల లెక్కలో ఆయన గోపీనాథం వాడు.